జకాత్ అందుకునే వారి ముఖాలను అచ్చు వేయకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. నేను నల్లగొండలో ముప్పై ఏళ్లుగా బట్టల దుకాణం నడుపుతున్నాను. రంజాన్ మాసం వచ్చిందంటే జిల్లా పేజీల్లో తరచూ ఒకే రకం ఫొటో కనిపిస్తుంది. వరుసగా నిలబడ్డ పెద్దలు, వారి ముందు తల వంచుకొని బియ్యం సంచి అందుకుంటున్న ఒక స్త్రీ. దాతల పేర్లన్నీ కింద అచ్చవుతాయి. ఆమె పేరు ఉండదు కానీ ముఖం స్పష్టంగా ఉంటుంది. ఇకమీదట ఆ ముఖాన్ని అచ్చు వేయవద్దని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

స్తోమత ఉన్న ముస్లింలు ఏటా పేదలకు విధిగా ఇచ్చే దానమే జకాత్. ఆ అరబీ మాటకు శుద్ధి అని, వృద్ధి అని అర్థాలున్నాయి. ‘వారి సంపదల నుండి దానం తీసుకుని, దానితో వారిని పరిశుద్ధులను చేయి’ అని ఖురాన్ తొమ్మిదో సూరా (అధ్యాయం) 103వ ఆయత్ (వాక్యం) ప్రవక్తను ఆదేశిస్తుంది. అంటే శుద్ధి కావలసింది ఇచ్చేవాడి మనసు. దాదాపు 87 గ్రాముల బంగారం లేదా 612 గ్రాముల వెండి విలువకు తగ్గని సొమ్ము ఏడాది పాటు ఎవరి దగ్గర నిలిచి ఉంటుందో, వారు నూటికి రెండున్నర చొప్పున పేదలకు చెల్లించాలని మా పెద్దలు చెప్పే లెక్క. ఇది ఇచ్చేవాడి దయ కాదు, వాడి సొమ్ములో పేదలకున్న హక్కు.

ఆ శుద్ధి ఎక్కడ జరుగుతుందో నాకు అనుభవంలో తెలుసు. ఏటా రంజాన్‌లో ఒక రాత్రి దుకాణం షట్టరు దించి, అరల్లోని తానులు దించుకుంటూ సరుకు లెక్క కడతాను. అమ్మకానికి ఉన్న ప్రతి తానుకూ ఇవాళ్టి బజారు ధర వేయాలి, గల్లాపెట్టెలో ఉన్నదీ బ్యాంకులో ఉన్నదీ కలపాలి, నేను తీర్చవలసిన బాకీలు తీసివేయాలి. రంగు వెలిసిన పాత సరుకు దగ్గరకు వచ్చేసరికి, దీనికి ఇంకాస్త తక్కువ ధర వేస్తే ఏమవుతుందని లోపల ఒక మాట మెదులుతుంది. చూసేవారు ఎవరూ లేని ఆ గదిలో, కాగితం ముందు కూర్చుని ఆ మాటను తోసిపుచ్చడమే నాకు తెలిసిన సాధన. తీరా అంత శ్రమపడి తీసిన సొమ్మును వేదిక ఎక్కి పంచితే, తోసిపుచ్చిన ఆశ కాస్తా కీర్తి మీది ఆశగా మారి తిరిగి వస్తుంది. మావాళ్లు దీన్ని రియా అంటారు.

కొన్నేళ్ల క్రితం అటువంటి వేదిక మీద నేనూ నిలబడ్డాను. వరుసలో మా దుకాణానికి జాకెట్లు కుట్టి ఇచ్చే ఒక తల్లి వచ్చింది. భర్త పోయినప్పటి నుంచి ఆమె ఒక్క రూపాయి కూడా ముందుగా అడిగి ఎరగదు. నన్ను చూడగానే ముసుగు కొస ముఖం మీదికి లాక్కుంది. ఫొటో సరిగా రావాలని ఎవరో ఆమెను ముసుగు తీయమన్నారు, ఆమె తీసింది. మర్నాడు ఆ ఫొటో ఒక పత్రికలో వచ్చింది. పదో తరగతి చదివే ఆమె కూతురు వారం రోజులు బడికి పోనన్నదని తరువాత తెలిసింది. ఆ రోజు ఆ మనిషిని వారించకపోవడం నా తప్పు.

‘ఉపకారాన్ని ఎత్తి చూపి, మనసు నొప్పించి మీ దానాలను వ్యర్థం చేసుకోకండి’ అని ఖురాన్ రెండో సూరా 264వ ఆయత్ హెచ్చరిస్తుంది. మరి కొద్ది దూరంలోనే, 273వ ఆయత్‌లో, అవసరం ఉన్నా అభిమానం కొద్దీ చేయి చాపని పేదల ప్రస్తావన ఉంది. తెలియనివారు వారిని కలిగినవారే అనుకుంటారట. నాకు ఆ ఆయత్ చదివినప్పుడల్లా ఆ తల్లే గుర్తుకు వస్తుంది. మన ఊళ్లలో పీర్ల పండుగనాడు కులమతాలు చూడకుండా తలచుకునే ఇమామ్ హుసేన్ గారి కుమారుడు జైనుల్ ఆబిదీన్, రాత్రిపూట రొట్టెల మూట వీపున మోసుకెళ్లి మదీనాలో పేదల ఇళ్లకు చేర్చేవారని, ఆ చేయి ఎవరిదో ఆయన కన్నుమూశాకే వారికి తెలిసిందని పాత చరిత్రకారులు రాశారు.

పంట మీద ఇచ్చే ఉష్ర్ సంగతే చూడండి. దేవరకొండ వైపు చెలకల్లో వానకు పండిన పంటలో పదో వంతు ఇవ్వాలి. మోటారుతో బావి నీళ్లు తోడి పండిస్తే ఇరవయ్యో వంతు చాలు. రైతు పడే శ్రమను ఇంత సున్నితంగా లెక్కలోకి తీసుకున్న ధర్మం, తీసుకునేవారి మానాన్ని లెక్కలోకి తీసుకోదని నేను అనుకోను. ఇస్తున్నది జకాత్ అని వారికి చెప్పవలసిన పని కూడా లేదు, ఇచ్చేవాడి మనసులో ఆ నియ్యత్, అంటే సంకల్పం, ఉంటే చాలునని హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయపు పండితులు చెబుతారు. పండుగ కానుక అని ఇచ్చినా చెల్లుతుంది.

ఫొటో లేకపోతే చందా ఇచ్చినవారు నమ్మరని, నలుగురు చూస్తే మరో నలుగురు ముందుకు వస్తారని నిర్వాహకులు అంటారు. బాహాటంగా ఇవ్వడమూ మంచిదేనని, గుట్టుగా ఇవ్వడం మరింత మేలని ఖురానే చెప్పింది కనుక వారి మాటను నేను కొట్టివేయను. అయితే నమ్మకానికి కావలసింది లెక్క. ఎంత వసూలైంది, ఎన్ని కుటుంబాలకు చేరింది, ఎంత మిగిలింది అనే వివరాలు అచ్చు వేయండి, సంచుల ఫొటో వేయండి, దాతల పేర్లు కూడా వేయండి, అందుకునేవారి ముఖం మాత్రం వద్దు. మీ విలేకరులకు ఈ ఒక్క నియమం పెట్టి, రంజాన్ కిట్లకే కాక సంక్రాంతి దుప్పట్లకూ, బడిపిల్లల పుస్తకాల పంపిణీకీ దాన్ని వర్తింపజేయవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక బట్టల వ్యాపారి, నల్లగొండ