మా అత్త వద్దన్నది ఆపరేషన్‌ను, నొప్పి మాత్రను కాదు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పాకాల దగ్గర ఒక పల్లె మాది. కొద్దిగా మామిడి తోట, ఒక ఎరువుల అంగడి, అంతే. మీకు రోజూ వచ్చే అర్జీల్లో ఇదీ ఒకటి. కొత్త ఆసుపత్రి కట్టించమని గానీ, సహాయ నిధి నుంచి చెక్కు ఇప్పించమని గానీ రాయడం లేదు. క్యాన్సర్‌కు వైద్యం వద్దని ఇంటికొచ్చేసిన మనిషి నొప్పి ఎవరు చూడాలి అని అడుగుతున్నాను. మా పక్క చూస్తే ఇప్పుడది ఎవరి పనీ కాదు.

మా మేనత్తకు బుగ్గ లోపల పుండు లేచింది. ఊహ తెలిసినప్పటి నుంచి వక్కాకులో పొగాకు పెట్టి నమిలిన నోరు. మేము కదిలించి ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి అది దవడ ఎముక దాకా పోయి, మెడలో గడ్డలు కూడా కట్టాయి. డాక్టర్లు దాచిపెట్టకుండానే చెప్పారు. దవడ కొంత తీసేయాలి, ఎద దగ్గరి కండ తెచ్చి అతకాలి, తర్వాత వారాల తరబడి రేడియేషన్, ఇంత చేసినా మళ్ళీ రాదని చెప్పలేం అన్నారు. అత్త అంతా విన్నది. "అన్నం నమలగలనా? ఎన్నాళ్ళు ఈడ ఉండాల?" అని అడిగింది. ఆ రాత్రంతా ఆలోచించి పొద్దున్నే, "వద్దు నాయనా, ఇంటికి పోదాం. డెబ్బై దాటినాయి నాకు. మొగం కోయించుకోని ఎవురికి చూపీల?" అనింది.

బతిమాలాం, అరిచాం, ఆమె కూతుర్ని మదనపల్లె నుంచి పిలిపించాం. ఆమె మాట మారలేదు. బుద్ధి నిలకడగా ఉన్న పెద్ద మనిషి, అన్నీ తెలుసుకుని చెప్పిన మాట. దాన్ని కాదనే హక్కు మాకు లేదు, డాక్టరుకూ లేదు. గౌరవంగా చనిపోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో తేల్చింది. చివరి రోజుల్లో ఏ వైద్యం వద్దో ముందస్తుగా రాసి పెట్టుకునే వీలునామా పద్ధతిని 2023 జనవరిలో ఇంకా సులువు చేసింది. వద్దన్నవాళ్ళు రాత్రంతా మూలగాలని మాత్రం ఏ తీర్పులోనూ లేదు.

ఆసుపత్రి పేరు రాయను. ఒక్క ఆసుపత్రి మీద ఫిర్యాదు కాదిది. డాక్టర్ల సలహాకు విరుద్ధంగా మా ఇష్టప్రకారం వెళ్తున్నామని ఒక కాగితం మీద మా చేత సంతకం పెట్టించుకున్నారు. ఆ సంతకంతో ఫైలు మూసేశారు. నొప్పికి ఏమైనా రాసివ్వండి సార్ అంటే, "ట్రీట్‌మెంటే వద్దన్నాక మేమేం రాస్తామండీ" అని పారాసిటమాల్, ట్రమడాల్ రాశారు. మొదట్లో ట్రమడాల్ కొంచెం పనిచేసింది. తర్వాత చేయలేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ రాత్రిపూట వచ్చి నొప్పి సూది వేసేవాడు. ఆయన్ని తప్పు పట్టను, పిలిస్తే వచ్చినవాడు ఆయనొక్కడే. సూది పట్టు తెల్లారేదాకా ఉండేది కాదు. అత్త దిండు గుడ్డ పళ్ళతో పట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకునేది.

నొప్పికన్నా ముందు మనుషుల్ని దూరం చేసింది వాసన. పుండు కుళ్ళిన వాసన వసారా దాకా వచ్చేది. చూడొచ్చినవాళ్ళు గడప దగ్గరే నిలబడి, పైట ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఆపరేషన్ చేయించుంటే పోయేది కదా" అని నాలుగు మాటలు చెప్పి పోయేవాళ్ళు. (సలహా ఇవ్వడానికి మా బంధువుల్లో ఎవరికీ ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు.)

చివరికి ఎవరో చెబితే రిపోర్టులు పట్టుకుని చిత్తూరు మీదుగా వేలూరు పోయాను. అక్కడ పాలియేటివ్ (జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగంలో ఒక డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి, "ఆమెకు ఇప్పుడు ఏది ఎక్కువ కష్టంగా ఉంది?" అని తమిళం కలిసిన తెలుగులో అడిగింది. మార్ఫిన్ మాత్రలు ఇచ్చింది, నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పి మందు అది. తక్కువ మోతాదుతో మొదలు. నాలుగు గంటలకోసారి, గడియారం చూసి వేయాలి, నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. రాత్రి పడుకునేటప్పుడు రెండింతలు వేస్తే మధ్యలో లేపక్కర్లేదు. మింగలేకపోతే ఈ మాత్రను నలిపి చెంచా నీళ్ళలో కలిపి పోయొచ్చు. మలబద్ధకం తప్పకుండా వస్తుంది కాబట్టి విరేచనం మాత్ర మొదటి రోజు నుంచే వేయాలి. మొదటి రెండు మూడు రోజులు మత్తుగా, వాంతి వచ్చినట్టు ఉంటుంది, భయపడొద్దు అంది. పుండు వాసనకు మెట్రోనిడజోల్ మాత్రను మెత్తగా పొడి చేసి పైన చల్లమంది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో విరేచనాలు ఆగడానికి ఇచ్చే మాత్రే, సార్ అది! వారం తిరక్కుండానే వాసన తగ్గింది. మనవరాలు మళ్ళీ మంచం మీదికెక్కి కూర్చుంది. అత్త వడగట్టిన రాగి అంబలి గ్లాసుడు తాగి, బెంగళూరా మామిడి కాయ ఈసారి ఫ్యాక్టరీవాళ్ళు ఎంతకు కొంటా ఉండారని అడిగింది.

ఈ మాత్ర మా ఊళ్ళో ఎందుకు దొరకదు? పాకాలలో, చిత్తూరులో మందుల అంగళ్ళలో అడిగితే ఒకాయన నన్ను కిందా మీదా చూసి, "అవి పెట్టుకుంటే మాకు లేనిపోని తలనొప్పి" అన్నాడు. ఆయన భయానికి కారణం ఉంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కింద ఇంతకుముందు మార్ఫిన్ ఉంచాలంటే రకరకాల లైసెన్సులు కావాల్సి వచ్చేది. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. ఆ సవరణ కింద మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్ లాంటి ఆరు మందులను అత్యావశ్యక మత్తుమందులుగా కేంద్రం వేరు చేసింది. నొప్పి వైద్యంలో శిక్షణ పొందిన డాక్టరున్న ఆసుపత్రిని రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తిస్తే చాలు, అక్కడ ఈ మందులు ఉంచుకోవచ్చు, ఇవ్వొచ్చు. చట్టం మారి పదేళ్ళు దాటినా భయం మాత్రం పాత చట్టం నాటిదే. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు లైసెన్సు మీద నల్లమందు పండిస్తున్నారు. నీమచ్‌లో, ఘాజీపూర్‌లో కేంద్రానికి సొంత ఫ్యాక్టరీలున్నాయి. సరుకు మన దేశంలోనే ఉంది, మా మండలం దాకా రాలేదంతే.

మార్ఫిన్ ఇస్తే తొందరగా పోతారని, అలవాటు పడిపోతారని మా వాళ్ళే కాదు, ఒకరిద్దరు డాక్టర్లు కూడా నాతో అన్నారు. క్యాన్సర్ నొప్పికి మెట్లు మెట్లుగా మందులు పెంచుతూ మార్ఫిన్ దాకా పోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. లెక్క ప్రకారం నోటి ద్వారా ఇస్తే అది ప్రాణం తీసేది కాదు. కేరళలో 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు మొదలుపెట్టిన పాలియేటివ్ పని 2008కల్లా ఆ రాష్ట్ర ప్రభుత్వ విధానమైంది. పంచాయతీల నర్సులు ఇళ్ళకు పోతున్నారు. పక్కన తెలంగాణలో 'ఆలన' పేరుతో ఇంటికే బండి వస్తోంది.

మన దగ్గర మనుషులు లేరనడానికి లేదు. తిరుపతిలో స్విమ్స్, రుయా ఉన్నాయి. 2022లో అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి తెరుచుకుంది. ఊరి క్లినిక్కులో ఎంఎల్‌హెచ్‌పీ (డాక్టరుకూ ఏఎన్ఎంకూ మధ్య స్థాయి వైద్య సిబ్బంది), ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఉన్నారు. ఆయుష్మాన్ భారత్ కింద ఆ క్లినిక్కులు ఇవ్వాల్సిన 12 రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణతో పాటు పాలియేటివ్ కేర్ కూడా రాసి ఉంది. వాళ్ళే ఇప్పుడు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలు చేస్తున్నారు. మంచి పని. కానీ పరీక్షలో ఆలస్యంగా బయటపడిన వాళ్ళలో కొందరు మా అత్తలా తల అడ్డంగా ఊపుతారు. వాళ్ళ కోసం ఆ ఎంఎల్‌హెచ్‌పీ అమ్మాయి సంచిలో ఏముంది?

వద్దన్న ప్రతి మాటనూ అక్కడితో వదిలేయమనడం లేదు. నోటి క్యాన్సర్ తొలి దశలో నయమవుతుంది. అలాంటివాళ్ళు చార్జీలకు డబ్బుల్లేకో, కొడుకులకు భారమనో వద్దంటుంటే కూర్చోబెట్టి అడగాలి. కీమో వద్దన్నవాళ్ళు కూడా ఎముక నొప్పికి ఒక్కసారి రేడియేషన్ పెట్టించుకోవడానికి ఒప్పుకోవచ్చు. నొప్పి తగ్గాక మనసు మార్చుకునేవాళ్ళూ ఉంటారు. ఫైలు మూసేస్తే ఇవేవీ జరగవు. అందుకే ఆ సంతకం కాగితం మీదే, "ఈ రోగిని ఫలానా చోట పాలియేటివ్ వైద్యానికి పంపాము, నొప్పి మందు ఇచ్చాము" అని రాయడం తప్పనిసరి చేయండి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఒక డాక్టరుకైనా శిక్షణ ఇప్పించి, ఆ ఆసుపత్రికి గుర్తింపు తెప్పించి, మార్ఫిన్ మాత్రలు అక్కడ ఉండేలా చూడండి. ఎంఎల్‌హెచ్‌పీ వారానికోసారి ఇంటికెళ్ళి పుండు కడిగి, నొప్పి ఎంతుందో రాసుకుని, ఆ డాక్టరుకు ఫోన్ చేస్తే చాలు. 2025లో తోతాపురి (బెంగళూరా) మామిడి ధర పడిపోయినప్పుడు కిలోకు 4 రూపాయలు ప్రభుత్వమే ఇస్తుందని చెప్పి మా రైతులను ఆదుకున్నారు. అనుకుంటే పని కదులుతుందని ఆ సీజన్‌లో మేం చూశాం.

అత్త పోయిన కార్తీకంలో ఇంట్లోనే పోయింది. మిగిలిన మార్ఫిన్ మాత్రలను ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తే, తీసుకోవడానికి రూల్ లేదని వెనక్కిచ్చారు. ఇంట్లో పిల్లలున్నారు, బీరువాలో పెట్టి తాళం వేశాను. ఉత్తర్వు ఇచ్చేటప్పుడు, వాడగా మిగిలిన మాత్రలు ఎక్కడ అప్పగించాలో, ఎవరు రసీదు ఇవ్వాలో కూడా అందులో రాయించండి.

ఇట్లు,
పాకాల మండలం నుంచి ఒక మేనల్లుడు