లైన్ క్లియర్ రాని రాత్రి

సత్యనారాయణపురం,
విజయవాడ.

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు బాగోలేదు. బాబాయి అన్న మాట పట్టుకుని కూర్చున్నావని అమ్మ చెప్పింది. "ఇన్నేళ్ళు చదివి, ఫలానా పని కుదరదని చెప్పడానికి విమానమెక్కి అంత దూరం సదస్సుకు వెళ్ళాలా" అన్నాడట. వాడు మనసులో ఏదో పెట్టుకుని అనలేదు తల్లీ. కానీ ఆ మాటకు జవాబు నేను చెప్పాలి. ముప్ఫై మూడేళ్ళు రైల్వేలో నేను చేసిన ఉద్యోగం అలాంటిదే.

సంక్రాంతికి వచ్చినప్పుడు డాబా మీద కూర్చుని నాకో పేపర్ గురించి చెప్పావు. 1985లో ఫిషర్, లించ్, పాటర్సన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు రాసింది. కంప్యూటర్లన్నీ మెసేజ్‌లు పంపుకుంటూ ఒక్క మాట మీదకు రావాలి. మెసేజ్ ఎంతసేపటికి చేరుతుందో హద్దు లేదు. వాటిలో ఏదో ఒక్కటి ఆగిపోయే వీలున్నా చాలు, నాణెం ఎగరేసి తేల్చుకోవడం లాంటివి లేకుండా అన్నీ తప్పకుండా ఒక నిర్ణయానికొస్తాయని హామీ ఇచ్చే పద్ధతి ఉండనే ఉండదని రుజువు చేశారు. ఎందుకమ్మా అంటే, "జవాబు రాకపోతే అవతలిది ఆగిపోయిందో, ఆలస్యమవుతోందో తెలీదు నాన్నా" అన్నావు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. 1990 మే తుఫాను గుర్తొచ్చింది.

అప్పుడు నేను తెనాలి దగ్గర ఓ చిన్న స్టేషన్లో ఉన్నాను. సింగిల్ లైన్, రెండు వైపుల బండ్లకూ ఒకే పట్టాలు. పక్క స్టేషన్ మాస్టర్ లైన్ క్లియర్, అంటే దారి ఖాళీగా ఉంది పంపొచ్చనే అనుమతి, ఇస్తేనే మిషన్‌లోంచి టోకెన్ బాల్ బయటికొచ్చేది. చేతిలో పట్టే ఉక్కు గుండు. అది డ్రైవర్ చేతిలో పడితేనే బండి కదలాలి. ఆ రాత్రి గాలికి తీగలు తెగి మిషన్ చచ్చింది, ఫోన్ చచ్చింది. ప్లాట్‌ఫాం మీద ప్యాసింజర్ బండి నిలబడిపోయింది. నేను ఫోన్ హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నాను. చిమ్నీ దీపం ఆరిపోతుంటే పోర్టర్ తన దుప్పటి అడ్డం పట్టుకున్నాడు. బండిలో పురిటికి వెళ్తున్న ఒకమ్మాయి ఉంది. వాళ్ళ నాన్న నా టేబుల్ మీద రెండు చేతులూ ఆనించి, "ఈ గాలివానలో ఎదురు ఏ బండి వస్తుందండీ, పంపించండి" అని బతిమాలాడు. ఎదురు బండి లేదని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఉందని చెప్పడానికీ లేదు. పంపలేదు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది.

తెల్లారాక గ్యాంగ్‌మన్ పట్టాల వెంట నడుచుకుంటూ వచ్చాడు, నడుముదాకా బురద. చొక్కాలోంచి తడిసిన చీటీ తీసి ఇచ్చాడు. పక్క స్టేషన్ మాస్టర్ రాసిందది. ఆయన కూడా రాత్రంతా నాలాగే హ్యాండిల్ తిప్పుతూ కూర్చున్నాడట. దారిలో ఓ చోట కట్ట కోసుకుపోయి పట్టాలు గాల్లో వేలాడుతున్నాయని అందులో ఉంది. ఆ అమ్మాయికి మధ్యాహ్నం దగ్గర్లోని ఊళ్ళోనే కానుపైంది, ఇద్దరూ క్షేమం.

తెలియనప్పుడు తెలియదని ఒప్పుకుని బండి ఆపడం మాకు రూల్ పుస్తకం నేర్పింది. దాన్నే లెక్కగా రుజువు చేసి చూపించినవాళ్ళు మీవాళ్ళు. ఆ రుజువుతో పని ఆగిపోలేదని కూడా నువ్వే చెప్పావు. ఎక్కడ కుదరదో తెలిసింది గనకే, ఏ షరతు కాస్త సడలిస్తే కుదురుతుందో 1988లో డ్వర్క్, లించ్, స్టాక్‌మేయర్ చూపించగలిగారు. మెసేజ్‌లు ఎప్పటికో ఒకప్పటికి గాడిన పడతాయనుకుంటే చాలు. ఈలోగా ఆలస్యం కావచ్చు, తప్పు మాత్రం జరగదు. కుదరదని చెప్పిన ఆ పేపర్‌కే 2001లో మీ సదస్సువాళ్ళు బహుమతి ఇచ్చారు, ఇప్పుడు డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త పేరుతో ఇస్తున్నదే. నువ్వు వెళ్తున్నది 1982లో ఒట్టావాలో మొదలైన ఆ సదస్సుకే. ఇన్ని మెసేజ్‌లకు తక్కువైతే ఫలానా పని కుదరదని నువ్వు తేల్చిన సంగతి వినాల్సినవాళ్ళు అక్కడే ఉంటారు. బాబాయికి నేను ఆదివారం తీరిగ్గా చెప్తాను.

ఇక నీ టెన్షన్ సంగతి. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబుకు దిగకు. ముందు ఆ ప్రశ్నను నీ నోటితో తిరిగి చెప్పు. ఫోన్‌లో మాట ఖాయమని చెప్పే ప్రైవేట్ నంబర్ ఇచ్చాక అవతలివాడు తిరిగి చదివి వినిపించేదాకా మేం రిజిస్టర్లో కలం పెట్టేవాళ్ళం కాదు. ఆ రెండు క్షణాల్లో నీకూ ఊపిరి అందుతుంది.

అమ్మ కందిపొడి, గోంగూర కట్టింది. గోంగూర చెకిన్ బ్యాగులో పెట్టు.

నీ టాక్ కాగానే అయిందని ఒక్క మెసేజ్ పెట్టు, ఇక్కడ అర్ధరాత్రయినా సరే. నేను మేలుకునే ఉంటాను. రాకపోతే ఆలస్యమవుతోందనుకుంటాను గానీ ఇంకోలా అనుకోనులే.

ఆశీస్సులతో
నాన్న