బ్రాంట్ పక్కనున్న మనిషి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "సలహాదారు అంటే టికెట్ రానివాణ్ణి బుజ్జగించడానికిచ్చే కుర్చీ" అన్నావు. మన దగ్గర చూసినదాన్నిబట్టి అన్నావు, కాదనను. కానీ పశ్చిమ జర్మనీ నాయకుడు విల్లీ బ్రాంట్‌కు సలహాదారుగా ఉన్న ఎగాన్ బార్ గురించి చదివాక నాకా పదవి మీద గౌరవం పెరిగింది. ఫోన్లో తెమిలే సంగతి కాదని ఉత్తరం మొదలుపెట్టాను, తీరిగ్గా చదువు.

ఆయన 1922లో జర్మనీలోని తురింగియా ప్రాంతంలో పుట్టాడు. అమ్మమ్మ యూదురాలని తెలిసి 1944లో, నాజీల పాలనలో, సైన్యంలోంచి తీసేశారు. యుద్ధం అయ్యాక విలేఖరిగా చేరి, తర్వాత పదేళ్ళపాటు పశ్చిమ బెర్లిన్‌లోని రియాస్ రేడియోలో పనిచేశాడు. 1960లో పశ్చిమ బెర్లిన్ మేయర్ విల్లీ బ్రాంట్ ఆయన్ని తన ప్రచార విభాగానికి అధిపతిగా తీసుకున్నాడు. అక్కణ్ణుంచి ఇద్దరిదీ విడదీయలేని జోడీ.

మరుసటేడు, 1961 ఆగస్టు 13న బెర్లిన్‌ను రెండుగా చీలుస్తూ కమ్యూనిస్టు తూర్పు జర్మనీ కట్టిన గోడ లేచింది. నాలుగు వీధుల అవతలున్న అన్నదమ్ములు కూడా ఒకరినొకరు చూసుకోలేని పరిస్థితి. అందరూ తూర్పు ప్రభుత్వాన్ని తిట్టారు. తిడితే గోడ కూలుతుందా? బార్ ఆలోచన వేరేగా సాగింది. వాళ్ళు గోడ కట్టుకున్నది భయంతో, ఆ భయం తగ్గితే తప్ప తలుపు తెరవరు అన్నాడు. 1963 జూలైలో బవేరియాలోని టుట్సింగ్‌లో ఈ మాటే బయటపెట్టాడు: దగ్గరవుతూ మార్పు తేవాలని. ఆ సభలో అసలు ఉపన్యాసం బ్రాంట్‌ది. బార్ చర్చలో మాట్లాడినవాడు మాత్రమే, కానీ దేశమంతా పట్టుకున్నది ఆయన మాటనే. సొంత పార్టీవాళ్ళే కొందరు మండిపడ్డారు.

ఆ డిసెంబరులో ఏం జరిగిందో విను. క్రిస్మస్ పండక్కి తూర్పు బెర్లిన్‌లోని బంధువుల్ని చూసి రావడానికి పశ్చిమ బెర్లిన్ వాసులకు అనుమతి చీటీలిచ్చే ఒప్పందం కుదిరింది. తూర్పు నుంచి తపాలా ఉద్యోగులు వచ్చి బడుల్లో కూర్చుని దరఖాస్తులు తీసుకున్నారు. ఎముకలు కొరికే చలిలో జనం గంటల తరబడి వరసల్లో నిలబడ్డారు. గోడ కట్టాక రెండేళ్ళకు పైగా చూడని అమ్మను చూడ్డానికి, మళ్ళీ అర్ధరాత్రిలోపు వెనక్కి రావాలన్న షరతు మీద! డిసెంబరు 19 నుంచి జనవరి 5 దాకా దాదాపు 12 లక్షల సార్లు జనం ఆ గోడ దాటారు. ఆ చీటీ కోసం పశ్చిమం తన సిద్ధాంతాలేవీ వదులుకోలేదు. తూర్పును దేశంగా గుర్తించకుండానే దానితో బేరం కుదిర్చారు. నా దృష్టిలో బార్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. జెండాల గొడవ తర్వాత చూద్దాం, ముందు మనుషుల్ని కలవనిద్దాం అన్న పట్టుదల.

1969లో బ్రాంట్ పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ (మన ప్రధానమంత్రి లాంటి పదవి) అయ్యాక బార్ ఆయన కార్యాలయంలో కార్యదర్శిగా చేరి, 1970 జనవరి నుంచి మే దాకా మాస్కోలో సోవియట్ విదేశాంగ మంత్రి గ్రోమికోతో చర్చలు జరిపాడు. మామూలు దౌత్యదారులకు తెలియకుండా అటు మాస్కోతోనూ, ఇటు అమెరికా అధ్యక్షుడి సలహాదారు కిసింజర్‌తోనూ రహస్యంగా మాట్లాడే దారులు కూడా ఉండేవి. ఆగస్టు 12న పశ్చిమ జర్మనీ, సోవియట్ల మధ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అందులో నన్ను ఆకట్టుకున్నది ఒప్పందం కన్నా దానితోపాటు అందజేసిన చిన్న లేఖ. సరిహద్దుల్ని అతిక్రమించబోమని ఒప్పుకుంటూనే, జర్మన్ ప్రజలు స్వేచ్ఛగా నిర్ణయించుకుని మళ్ళీ ఒక్కటయ్యే లక్ష్యానికి ఈ ఒప్పందం అడ్డు కాదని ఆ లేఖలో రాసి ఇచ్చారు. సోవియట్లు అభ్యంతరం చెప్పకుండా తీసుకున్నారు. ఆ కాగితం కోసం ఎన్ని రోజుల ఓపిక ఖర్చయ్యిందో ఆలోచించు.

ఆ తర్వాత తూర్పు జర్మనీ ప్రతినిధి మిఖాయెల్ కోల్‌తో కూర్చుని రాకపోకల ఒప్పందం, 1972 డిసెంబరులో రెండు జర్మనీల సంబంధాలకు పునాదిగా మౌలిక ఒప్పందం కుదిర్చాడు. ఈలోగా 1972 ఏప్రిల్‌లో బ్రాంట్ ప్రభుత్వాన్ని పడగొట్టడానికి ప్రతిపక్షం పెట్టిన తీర్మానం రెండే రెండు ఓట్ల తేడాతో వీగిపోయింది! ఆ రెండూ అటు పడి ఉంటే ఇదంతా ఏమయ్యేదో.

1974లో బ్రాంట్ దగ్గర పనిచేస్తున్న గిల్లోమ్ తూర్పు గూఢచారి అని బయటపడి, బ్రాంట్ రాజీనామా చేశాడు. పార్టీ ఎంపీల సమావేశంలో బార్ రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడుస్తున్న ఫొటో ఉంది, దొరికితే చూడు. మాస్కోలో గ్రోమికో ఎదుట చలించని మనిషి తన నాయకుడి కోసం నలుగురి ముందూ ఏడ్చాడు. తర్వాత, బ్రాంట్ స్థానంలో ఛాన్సలరైన ష్మిట్ ప్రభుత్వంలో మంత్రి, ఆపైన పార్టీలో పెద్ద బాధ్యత, హాంబుర్గ్ శాంతి పరిశోధన సంస్థ... అవన్నీ నాకంతగా పట్టలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఆయనతో నాకు పేచీ ఉంది. 80ల్లో పైనున్న పాలకులతో మాట్లాడ్డం అలవాటై, పోలండ్ కార్మికుల సాలిడారిటీ లాంటి ప్రజా ఉద్యమాలకు ఆయనా ఆయన పార్టీవాళ్ళూ దూరంగా ఉండిపోయారు. జర్మనీ ఏకీకరణ మాటలు ఉత్తుత్తివని 1988లో కూడా అంటూనే ఉన్నాడు. ఏడాది తిరక్కుండానే గోడ తెరుచుకుంది. రాకపోకల వల్ల జనంలో పెరిగిన చొరవను మొదట నమ్మినవాడే చివరికి చూడలేకపోయాడని నాకు బాధ. అయినా ఆ రాకపోకలే లేకపోతే ఆ జనం అంత ధైర్యంగా వీధిలోకి వచ్చేవాళ్ళా? నాకైతే అనుమానమే.

2015 జూలైలో, 93 ఏళ్ళ వయసులో కూడా మాస్కో వెళ్ళి సోవియట్ చివరి నాయకుడు గోర్బచేవ్‌తో కలిసి వేదిక మీద కూర్చున్నాడు. ఉక్రెయిన్ గొడవతో రష్యాకూ పశ్చిమ దేశాలకూ మధ్య మళ్ళీ మాటలు ఆగిపోయాయని ఆయన బెంగ. మరుసటి నెలలోనే పోయాడు.

80ల సంగతిలో నువ్వు ఆయన పక్షాన ఉంటావా, నా పక్షానా? వివరంగా రాయి, వాట్సాప్‌లో రెండు ముక్కలు పంపితే ఒప్పుకోను. అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ
రాఘవ