మైలవరంలో వాన పడితే

సింగపూర్,
అక్టోబరు 9.

నాన్నగారికి, అమ్మకు, అమ్మమ్మకు నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. మీరందరూ క్షేమమని తలుస్తాను. ఫోనులో తుఫానుల, వరదల సంగతి ఎత్తితే నాన్నగారు "సరేలేమ్మా" అని ఫోను అమ్మ చేతికి ఇచ్చేస్తారు. కాగితం మీద రాస్తే మాత్రం కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదువుతారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు అమ్మ భయం సంగతి. టీవీలో ఫిలిప్పీన్స్‌లో తుఫానుకు ఇంటి కప్పులు ఎగిరిపోవడం చూపించారని, నేనెలా ఉన్నానో అని రాత్రంతా నిద్రపోలేదట. అమ్మా, సింగపూర్ భూమధ్యరేఖకు దాదాపు ఆనుకుని ఉంది. భూమి తిరుగుతుండడం వల్లే గాలి మెలిక పడి సుడి కడుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఆ బలం దాదాపు ఉండదు. అందుకే రేఖకు అయిదు డిగ్రీల లోపల తుఫాను పుట్టడం చాలా అరుదు. 2001 డిసెంబరులో వామెయ్ అనే తుఫాను ఒకటిన్నర డిగ్రీల దగ్గర పుట్టి, పక్కనున్న మలేషియా తీరాన్ని తాకింది. అది ఎంత వింతంటే మా వాతావరణ రంగంలో ఇప్పటికీ దాన్ని పాఠంగా చెబుతారు. ఆ రోజు ఫోనులో నీకు వినిపించిన ఉరుములు సుమత్రా వైపు నుంచి తెల్లవారుజామున వచ్చే ఈదురుగాలి వానవి. గంటా రెండు గంటల్లో తెరిపి ఇచ్చింది. ఆరేసిన బట్టలు తడిశాయి, అంతకుమించి ఏమీ కాలేదు. నువ్వు నిశ్చింతగా పడుకో.

ఉద్యోగం బాగానే సాగుతోంది. రాత్రి డ్యూటీలు కొంచెం ఎక్కువయ్యాయి. మయామీ, టోక్యో, ఢిల్లీ కేంద్రాల తుఫాను బులెటిన్లు చదవడం, ఏ ఓడ ఎటు తప్పుకోవాలో కెప్టెన్లకు రాసి పంపడం, మీకు తెలిసిందే. పసిఫిక్ పడమటి భాగంలో ఏడాదికి సగటున 25 దాకా తుఫానులు వస్తాయి. అట్లాంటిక్‌కు జూన్ నుంచి నవంబరు చివరిదాకా సీజను. మన బంగాళాఖాతం, అరేబియా సముద్రం కలిపినా అయిదుకు అటూఇటూగానే. అయినా డ్యూటీలో కూర్చోగానే నా చూపు ముందు బంగాళాఖాతం మీదికే పోతుంది. అక్కడ ఏమీ లేదని చూసుకున్నాకే మిగతా సముద్రాల పని మొదలుపెడతాను. డ్యూటీ దిగేసరికి ఇక్కడ ఏడున్నర, మీకు అయిదు. నాన్నగారు నడకకు బయలుదేరే వేళని గుర్తొస్తుంది, ఫోను చేయాలనిపిస్తుంది. అమ్మమ్మ లేస్తుందేమోనని ఊరుకుంటాను.

నాన్నగారూ, పోయిన వారం మీరన్నారు, "బులెటిన్‌లో గీత మన మీదుగా వెళ్లడం లేదు కదా, ఎందుకంత కంగారు" అని. ఆ గీత తుఫాను కేంద్రం వెళ్లే దారి మాత్రమే. దాని చుట్టూ గరాటులా గీసేది కూడా కేంద్రం ఎటు తప్పవచ్చో చెప్పడానికే. గాలీ వానా ఆ గీతల్లో ఇమిడి ఉండవు. ఓడల మీద ఒక పాత లెక్క పాటిస్తారు. ఒక రోజు ముందు ఇచ్చిన అంచనాకు వంద నాటికల్ మైళ్లు, రెండు రోజుల ముందుదానికి రెండు వందలు, మూడు రోజుల ముందుదానికి మూడు వందలు అదనంగా వదిలి తప్పుకోవాలి. అలల ఎత్తు 4 మీటర్లని రాసినా అన్నిటికన్నా పెద్ద అల అంతేనని కాదు. ఎత్తయిన మూడో వంతు అలల సగటు అది. దానికి రెట్టింపు అల కూడా మధ్యలో లేవవచ్చు. సముద్రంలో పుట్టి పెరిగినంత అనుభవమున్న కెప్టెన్లే అంత దూరం వదులుతున్నారు. మనం గీత చూసి ధైర్యపడితే ఎలా?

అమ్మమ్మ 1977 తుఫాను గురించి ఎప్పుడు చెప్పినా గాలి గురించి రెండు మాటలు చెప్పి ఆపేస్తుంది. తర్వాతంతా నీళ్ల గురించే. చిన్నప్పుడు నాకది అర్థమయ్యేది కాదు. ఈ పనిలోకి వచ్చాక తెలిసింది. నవంబరు 19న ఆ తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. ప్రాణాలు పోయింది ఎక్కువగా దివిసీమలో. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. అందువల్ల తుఫాను నడిచే దారికి కుడిచేతి వైపున గాలి సముద్రాన్ని ఒడ్డుమీదికి తోస్తుంది, పళ్లెంలో నీళ్లను ఒక అంచుకు తోసినట్టు. చీరాలకు కుడివైపున ఉన్నది దివిసీమ. అక్కడ సముద్రం లోతు తక్కువ, నేల పల్లం. అయిదు మీటర్ల ఉప్పెన ఊళ్ల మీద పడింది. సర్కారు లెక్కకే పది వేల మంది పోయారు. ఓడలవాళ్లు ఆ కుడివైపును ప్రమాదపు సగం అంటారు. కెప్టెన్‌కు రాసే ప్రతి సలహాలోనూ ఓడ ఏ సగంలో ఉందో నేను ముందు చూస్తాను. చూసిన ప్రతిసారీ అమ్మమ్మ గుర్తుకొస్తుంది. ఆమెకు ఈ మాట చదివి వినిపించండి. నీళ్లే చంపాయని ఆమె అన్నది అక్షరాలా నిజం.

ఇక మన ఇంటి సంగతి. 2024లో విజయవాడలో మన సింగ్‌నగర్‌ను ముంచింది తుఫాను కాదు, వాయుగుండం. గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటే గానీ తుఫాను అనరు, పేరు పెట్టరు. వాయుగుండంలో అది 49 దాటదు. ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక తీరం దాటింది కూడా ఎక్కడ? కళింగపట్నం దగ్గర. ఆ రోజు నేను చూస్తున్న ఓడల్లో ఒక్కటి కూడా దాని వల్ల దారి మార్చుకోలేదు. అదే వాయుగుండానికి మన వీధిలోకి పడవలు వచ్చాయి. అమ్మ బీరువా కింది అర ఇప్పటికీ సరిగా పడటం లేదు కదా, చెక్క ఉబ్బి. అందులోని తెల్ల పట్టుచీరకు ఎర్ర అంచు రంగు దిగిన మచ్చను మొన్న వీడియోలో చూశాను. ఆ చీర పారేయవద్దు, నాకు కావాలి.

అల్పపీడనం, వాయుగుండం, తుఫాను, తీవ్ర తుఫాను అన్న మెట్లన్నీ గాలిని బట్టి కట్టినవి. ఎంత వాన కురుస్తుందో వాటిలో కనిపించదు. తుఫాను బలహీనపడి వాయుగుండంగా మారిందని టీవీలో చెప్పగానే మీరు హమ్మయ్య అనుకుంటారు. నాకు మాత్రం అప్పుడే గుబులు పడుతుంది. గాలి తగ్గాక కూడా అది నెమ్మదిగా కదులుతూ ఒకేచోట కుమ్మరించవచ్చు.

నాన్నగారూ, కోపగించుకోకండి. మీరు వరదంటే ప్రకాశం బ్యారేజీకి వెళ్లి నీళ్లు చూసి వస్తారు. అప్పుడు 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ చరిత్రలోనే ఎప్పుడూ లేనంత వరద, చూడదగ్గదే. కానీ మన ఇంట్లోకి వచ్చింది బుడమేరు వాగు. మైలవరం కొండల మీద పడిన వాన వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరికి వచ్చింది. దాన్ని కృష్ణలోకి మళ్లించే కాలవకు గండ్లు పడ్డాయి, కృష్ణ కూడా పోటు మీద ఉంది. మిగిలిన నీళ్లు కొల్లేరుకు వెళ్లే పాత దారి పట్టాయి, ఆ దారిలోనే మనం ఉన్నాం. గండ్లు పూడ్చారు, కట్టలు బాగుచేశారు అంటారు మీరు. మంచిదే. ఆ కట్టల మీద నమ్మకంతో అమ్మమ్మను కింది గదిలో పడుకోబెట్టడం మాత్రం నాకు ఇష్టం లేదు. మైలవరం, రెడ్డిగూడెం వైపు రాత్రంతా కుండపోత అని తెలిస్తే తుఫాను అన్నారా లేదా అని చూడకుండా, తెల్లవారేలోపు పటమటలో పిన్ని ఇంటికి వెళ్లిపోండి. వీధిలోకి నీళ్లు వచ్చాక అమ్మమ్మను నడిపించలేరు. బీపీ మాత్రలు, ఇంటి కాగితాలు, బ్యాంకు పుస్తకాలు ఒకే సంచిలో పెట్టి పై అరలో ఉంచమని తమ్ముడికి చెప్పాను. ఉంచాడో లేదో అమ్మ చూడాలి.

తమ్ముడికి ఇంకో మాట. పది రోజుల తర్వాత రాబోయే తుఫాను అంటూ ఫోనులో తిరిగే రంగుల బొమ్మలు మామయ్యకు పంపవద్దు. అంత ముందుగా వేసే అంచనాలు పూటకోలా మారతాయి. పోయినేడు ఎవరో పంపిన బొమ్మ చూసి మామయ్య పచ్చి చేను కోయించాడు. తేమ 17 శాతం దాటిందని ధాన్యం కొనలేదు. వాన చూస్తే చినుకు పడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అమెరికా వాళ్లు ఎక్కువ గాలి చెప్పారు, మనవాళ్లు దాస్తున్నారు అనడం కూడా తప్పు. అమెరికాలో ఒక నిమిషం సగటు తీస్తారు, ఢిల్లీలో మూడు నిమిషాలది, టోక్యోలో పది నిమిషాలది. ఒకే తుఫానుకు మూడు అంకెలు రావడం సహజం. విశాఖ తుఫాను హెచ్చరిక కేంద్రం ఏమంటోంది, మచిలీపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, ఇవి చూసుకుంటే చాలు. కోత మిషను మాట్లాడే ముందు మామయ్యను నాకొక్క ఫోను చేయమనండి. రాత్రి ఎంతైనా ఫరవాలేదు.

ఆ సంబంధం విషయం ఇప్పుడు వద్దు. సంక్రాంతికి వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడదాం. ఒంటరిగా ఉన్నానని బాధపడకండి. సెరంగూన్ రోడ్డులో మన గోంగూర దొరుకుతోంది, ఆదివారం పప్పులో వేశాను. పులుపు తక్కువగా ఉంది కానీ తృప్తిగా తిన్నాను.

పిన్నితో మాట్లాడాను. డిసెంబరు దాటేదాకా ముందు గది ఖాళీగా ఉంచుతానంది. నాన్నగారు మొహమాటపడతారని ఆవిడే అడగమంది, వస్తారు కదూ?

మీ
పెద్దమ్మాయి

తా.క. అమ్మమ్మ కంటి ఆపరేషన్‌కు డాక్టరు ఏ తేదీ ఇచ్చారో వెంటనే చెప్పండి. నవంబరులో అయితే సెలవు దొరకడం కష్టం, ఇప్పుడే అడిగి పెట్టుకోవాలి.