సాయంత్రం ధరల సందేశానికి ఇకపై చందా

పాఠకులకు, ప్రకటనలిచ్చే దుకాణదారులకు నమస్కారం.

టంగుటూరు నుంచి వారం వారం వెలువడే మన నాలుగు పేజీల పత్రిక తరఫున ఒక మాట. రోజూ సాయంత్రం వాట్సాప్‌లో పంపే పొగాకు వేలం ధరల సందేశానికి వచ్చే ఒకటో తేదీ నుంచి చందా పెడుతున్నాను. వేలాలు సాగే నెలలన్నిటికీ కలిపి మూడు వందల రూపాయలు. ఇన్నాళ్లూ ఊరికే ఇచ్చి ఇప్పుడు డబ్బులేమిటని మీరు అడుగుతారు. అడగాలి కూడా. లెక్క ఇది.

ఒక ప్రతి అచ్చుకు ఏడు రూపాయలవుతుంది. అమ్మేది ఐదుకు, అందులోనూ ఏజెంటు కమీషను పోతుంది. ఆ లోటును ప్రకటనలే పూడ్చేవి: నాయకుల పుట్టినరోజులు, పెద్దల వర్ధంతులు, బట్టల దుకాణాల పండుగ తగ్గింపులు. పుట్టినరోజులను ఫ్లెక్సీలు ఎత్తుకుపోయాయి. వర్ధంతులు ఫోను స్టేటస్‌లోకి చేరాయి. బట్టల దుకాణం వారు రోజుకు ఇంత అని ఫేస్‌బుక్‌కు కట్టి, చుట్టుపక్కల పది కిలోమీటర్ల లోపు ఆడవాళ్లకే తమ చీరలు కనిపించేలా చూసుకుంటున్నారు. వారిని తప్పుపట్టను. వారి గల్లాపెట్టె దగ్గర నేను కూర్చున్నా అదే పని చేస్తాను.

మేమూ యూట్యూబ్‌లో దిగాం. వీడియోల పక్కన వచ్చే ప్రకటనల్లో వాటా కావాలంటే వెయ్యిమంది చేరాలి, ఏడాదిలో నాలుగు వేల గంటలు జనం చూడాలి. ఆ గండం గట్టెక్కాక, వంద డాలర్లు పోగయితే గానీ గూగుల్ డబ్బు పంపదు. మాకు పోగవడానికి పదమూడు నెలలు పట్టింది. అందులో సింహభాగం సంపాదించిపెట్టింది ఒంగోలు గిత్తల బండలాగుడు వీడియో. తాగునీటి చెరువు మీద వారం రోజులు తిరిగి చేసిన కథనాన్ని నాలుగు వందల మంది కూడా చూడలేదు. గిత్తల మీద నాకు కోపం లేదు, అవి కష్టపడ్డాయి.

ఇక చెప్పడానికి సిగ్గుపడే సంగతి. పోయిన ఏడాది ఒక విద్యాసంస్థ మనకు పూర్తి పేజీ ప్రకటన ఇచ్చింది. ఆ నెలలోనే ఫీజులు పెంచారని తల్లిదండ్రులు దాని గేటు ముందు బైఠాయించారు. మా విలేఖరి వెళ్లాడు, ఫొటోలు తీశాడు, రెండు పేజీలు రాసుకొచ్చాడు. నేను దాన్ని నాలుగు వరుసలకు కుదించి మూడో పేజీ అడుగున వేశాను, ఫొటో లేకుండా. ఎవరూ ఫోను చేసి బెదిరించలేదు. ఆ పేజీ డబ్బుతోనే ఆ నెల అచ్చు ఖర్చు గడిచింది, అంతే. అసలు ఆ ప్రకటన తెచ్చింది కూడా ఆ కుర్రవాడే. మండల విలేఖరులకు జీతాలుండవు, తెచ్చిన ప్రకటనలో కమీషనే వారి రాబడి. పొద్దున ప్రకటన అడిగిన చోటికి సాయంత్రం ప్రశ్నలతో వెళ్లమంటే ఎలా వెళతాడు?

ఆస్ట్రేలియా 2021లో చట్టం తెచ్చి గూగుల్, ఫేస్‌బుక్‌లు వార్తలకు డబ్బు చెల్లించేలా ఒత్తిడి తెచ్చింది. కెనడా అదే దారి పట్టబోతే, 2023లో ఫేస్‌బుక్ అక్కడ వార్తలనే ఆపేసింది. ఆ పంచాయితీలు ఎలా తేలినా ఆ డబ్బు టంగుటూరు దాకా రాదు. నాకు పనికొచ్చింది న్యూయార్క్ టైమ్స్ ఉపాయం. 2011 నుంచి వెబ్‌సైటులో చదవడానికి చందా అడుగుతున్న ఆ పత్రిక, 2022లో వర్డ్‌ల్ అనే పదాల ఆటను కొన్నది. వంటకాలు, ఆటలు తెచ్చే చందా కూడా అక్కడి వార్తలను నిలబెడుతోంది. వాళ్లకు ఆట, మనకు పొగాకు.

సగటు ధర వేలం కేంద్రం ముందు టీ కొట్టులో అడిగినా చెబుతారు. మా కుర్రవాడు బేళ్ల వరుసల వెంట తిరిగి, జేబు పుస్తకంలో రాసుకొచ్చేది వేరు: లో గ్రేడు బేళ్లు ఎన్ని కొనకుండా వదిలేశారు, నిన్న జోరుగా కొన్నవారిలో ఈరోజు ఎవరు చేతులు ముడుచుకున్నారు. తన వంతు వచ్చినప్పుడు ఏ బేళ్లు ట్రాక్టరుకెక్కించాలో, ఏవి ఇంట్లో ఉంచాలో రైతు దాన్నిబట్టే చూసుకుంటాడు. వేలాలు ముగిశాక రొయ్యల కౌంటు ధరలు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క మీద పలికే ధరలు, ఇలాగే ఇద్దామని ఉంది. చెరువుల వాళ్లు కడతారో లేదో చూడాలి.

నాలుగు వందల మంది చేరితే లక్షా ఇరవై వేలు. ఇద్దరు విలేఖరులకు నెలకు ఐదేసి వేలు, ఏడాది పొడవునా. అది జీతమా అంటే కాదు. కానీ వారిని ఇక ప్రకటనల కోసం పంపను, ఆ పని నేనే చూసుకుంటాను. పంచాయతీ సమావేశం, నీళ్లు, ఆసుపత్రి, బడి వార్తలు ఇప్పటిలాగే అందరికీ ఉచితంగా వస్తాయి. ఒకరు చందా కట్టి ధరలు పదిమందికి పంపితే ఆపే మంత్రం నా దగ్గర లేదు.

పత్రికకు ఏడాది చందా కట్టినవారికి ధరల సందేశం గడువు దాకా ఉచితం. ఫోనులో కట్టలేనివారు అచ్చాఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆదివారం తాళం ఉంటుంది.