‘సమాధానము’ అంటే జవాబు కాదు

సంపాదకుల వారికి,

విశాఖ ప్రార్థన మందిరాల్లో బైబిల్లోని పౌలు పత్రికలు, అంటే అపొస్తలుడైన పౌలు తొలి క్రైస్తవులకు రాసిన ఉత్తరాలు, చదివేటప్పుడు మొదటి పలకరింపును గబగబా దాటేస్తున్నారు. ఆనాటి గ్రీకు ఉత్తరంలో రాసినవారి పేరు, అందుకునేవారి పేరు, ఆపైన ‘ఖైరెయిన్’ అన్న ఒక్క మాట ఉండేవి. యాకోబు పత్రికలో ‘శుభమని చెప్పి’ అన్నది అదే. పౌలు దాని బదులు, వినడానికి దగ్గరగా ఉండే ‘ఖారిస్’, అంటే కృప, రాసి, యూదుల పలకరింపు ‘షాలోమ్’ను గ్రీకులో ‘ఎయిరేనే’గా జోడించాడు. తెలుగులో అది ‘సమాధానము’ అయింది. ఇప్పటి పిల్లలకు ఆ మాట వినగానే పరీక్ష పేపర్లో జవాబే గుర్తొస్తుంది. ఇక్కడ అర్థం శాంతి, క్షేమం, దేవునితో సఖ్యత. తిమోతి పత్రికల్లోనైతే మధ్యలో ‘కనికరము’ కూడా చేరింది. 1805లో వచ్చిన మిషనరీలు సువార్తల తెలుగు అనువాదానికి కూర్చున్న ఊరు మనది. బోధకులు ఈ పలకరింపు ఉన్న రోమా పత్రిక 1:7 దగ్గర రెండు నిమిషాలు ఆగి ఈ మాటలు విప్పి చెప్పాలి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం