యాంటీబయాటిక్ లెక్కలో నర్సు ఎక్కడ?

సంపాదకులకు,

యాంటీబయాటిక్‌లు పనిచేయకుండా పోతున్నాయని వార్త వచ్చినప్పుడల్లా తప్పంతా మందు రాసిన డాక్టర్‌దో, చీటీ లేకుండా అమ్మిన మెడికల్ షాపుదో, ఊళ్లో ఆర్‌ఎంపీదో అవుతుంది. ముగ్గురికీ వాటా ఉన్నమాట నిజమే. కానీ ఆస్పత్రిలో ఆ మందును కలిపేది, ఎక్కించేది, టైం వేసేది, తర్వాత రోగిని కనిపెట్టుకుని ఉండేది నర్సు. అక్కడ జరిగే పొరపాట్ల గురించీ, నర్సుకు లేని అధికారం గురించీ ఎవరూ రాయరు.

ఏటూరునాగారం నుంచో, భూపాలపల్లి నుంచో జ్వరంతో వరంగల్ వచ్చేసరికి చాలామందికి ఊళ్లోనే రెండు మూడు సూదులు పడి ఉంటాయి. ఏం సూది అంటే 'పవర్‌ది' అంటారు. అప్పుడు వాళ్ల చేతిలోని కవర్ విప్పించి చూడాలి. ఖాళీ వయళ్లు, గోళీల అట్టలు అందులోనే ఉంటాయి. ఆ పేర్లు కేస్ షీట్‌లోకి ఎక్కాలి. మందు పడ్డాక తీసిన రక్తంలో క్రిమి ఉన్నా కల్చర్‌లో, అంటే క్రిమిని పెంచి గుర్తుపట్టే ల్యాబ్ పరీక్షలో, పెరగకపోవచ్చు.

ఆస్పత్రిలోనూ ఇదే జరుగుతుంది. రాత్రి మొదటి డోసు వేసేసి, పొద్దున రౌండ్స్‌లో అడిగాక బ్లడ్ కల్చర్ తీస్తారు. తీయాల్సింది డోసుకు ముందు. పెద్దవాళ్లకైతే రెండు వేర్వేరు చోట్ల గుచ్చి, సీసాకు 8 నుంచి 10 మి.లీ. రక్తం పోయాలి. 2 మి.లీ. పోసి పంపితే 'నో గ్రోత్' వచ్చినా క్రిమి లేదని నమ్మడానికి లేదు. చర్మాన్ని తుడిచాక కనీసం 30 సెకన్లు ఆరనివ్వాలి, సీసా రబ్బరు మూతనూ స్పిరిట్‌తో తుడవాలి. తడి ఆరకముందే గుచ్చితే చర్మం మీది క్రిమి సీసాలో చేరి, లేని జబ్బుకు వాంకోమైసిన్ అనే పెద్ద యాంటీబయాటిక్ మొదలవుతుంది. సీసాను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. సెప్టిక్ షాక్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోవడం) అయితే మాత్రం కల్చర్ కోసం కూర్చోకుండా గంటలోపు మందు పడాలి.

ఇక ఎవరి కంటా పడని నష్టం ఒకటుంది. 4.5 గ్రాముల పిప్‌టాజ్ అనే యాంటీబయాటిక్‌ను మొత్తం 100 మి.లీ. అయ్యేలా కలిపి ఎక్కిస్తారు. బాటిల్ ఖాళీ కాగానే సెట్ (మందు ఎక్కించే ట్యూబు) తీసేస్తారు. ఆ ట్యూబులో 20 మి.లీ. దాకా నిలిచిపోతుంది. అంటే దగ్గర దగ్గర 900 మిల్లీగ్రాములు చెత్తబుట్టలోకి. చార్టులో మాత్రం పూర్తి డోసు. అదే సెట్‌లోంచి 20, 30 మి.లీ. నార్మల్ సెలైన్ వదిలితే సరిపోతుంది. ఒంట్లో నీరు చేరిన రోగికీ, చిన్నపిల్లలకూ ఎంత వదలాలో డాక్టర్‌నే అడగాలి.

ఎనిమిది గంటలకోసారి అంటే ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. రోజుకు మూడుసార్లే కదా అని ఉదయం 9, మధ్యాహ్నం 2, రాత్రి 9 వేస్తే రాత్రంతా 12 గంటల ఖాళీ వస్తుంది. పిప్‌టాజ్ లాంటి మందులు రక్తంలో తగిన మోతాదులో నిలిచి ఉన్నంతసేపే క్రిమిని చంపుతాయి.

'నాకు ఆ సూది పడదు' అనే మాటను అలాగే రాసుకోవడం మరో చిక్కు. వాంతి అయినా పడదే, తల తిరిగినా పడదే, దద్దుర్లొచ్చి దమ్ము వచ్చినా పడదే. ఏమైంది, సూది పడ్డ ఎంతసేపటికి, ఏం చేస్తే తగ్గింది? ఈ మూడూ అడగాలి. వాంతికి పెన్సిలిన్ ఎలర్జీ అని ముద్ర వేస్తే ఆ మనిషికి జీవితాంతం అంతకంటే పెద్ద మందే రాస్తారు. నిజంగా ముఖం ఉబ్బి దమ్ము వచ్చిన వాళ్లకు టెస్ట్ డోస్ (ముందుగా కొంచెం వేసి చూడటం) ధైర్యంతో మళ్లీ అదే వేయడం ఇంకా ప్రమాదం. ఏ యాంటీబయాటిక్ వేసినా, ఇలాంటి ప్రాణాపాయ ఎలర్జీకి మొదట వేయాల్సిన అడ్రినలిన్ సూది అందుబాటులో ఉండాలి. పెద్దవాళ్లకు 0.5 మి.లీ., తొడ బయటి వైపు కండకు. (అవిల్, హైడ్రోకార్టిసోన్ లాంటి ఎలర్జీ సూదులు దాని తర్వాతే.)

వాంకోమైసిన్ గ్రాముకు గంట పట్టాలి, తొందరపడితే ఒళ్లంతా ఎర్రబడి బీపీ పడిపోతుంది. సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌ను ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్‌తో కలిపి ఎక్కించకూడదు. ఇవి చాలామందికి తెలుసు, రద్దీలో మరిచిపోతారు.

48 గంటలయ్యాక ఎవరో ఒకరు అడగాలి: కల్చర్ వచ్చిందా, జ్వరం తగ్గిందా, తింటున్నాడా, గోళీలకు మార్చొచ్చా? రోగి అన్నం తింటున్నాడని ముందు తెలిసేది నర్సుకే. కానీ అడిగితే 'నీకెందుకు సిస్టర్' అంటారన్న జంకు. అందుకే డ్రగ్ చార్టులోనే మందు పేరు పక్కన 'ఎందుకు, ఎన్ని రోజులు, కల్చర్ తీసిన టైం' అని మూడు గడులు అచ్చు వేయించాలి. గడి ఖాళీగా ఉంటే అడగడం నర్సు డ్యూటీలో భాగమని సూపరింటెండెంట్లు రాతపూర్వకంగా చెప్పాలి. కల్చర్ సీసాలు ల్యాబ్ బీరువాలో తాళం వేసి పెట్టకుండా, రాత్రి షిఫ్టుకు వార్డులోనే ఉండాలి. నలభై మంచాలకు ఒక్క సిస్టర్‌ను పెడితే మాత్రం పైన రాసిన వాటిలో సగం కూడా సాగవు, ముందు ఆ సంఖ్య పెంచండి.

– ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు, హనుమకొండ